తండాలో, చెంచు పెంటలో బక్కచిక్కిన బిడ్డను తేరుకునేలా చేయడం ఎలా

మీరు కొత్తగా చేరిన ఆశా కావచ్చు, అంగన్‌వాడీ టీచర్ కావచ్చు, పట్నంలో చదువుకుని ఊరికి వచ్చిన ఆడబిడ్డ కావచ్చు. చందంపేట వైపు ఏ తండాలోనో, అమ్రాబాద్ గుట్టల మీద ఏ చెంచు పెంటలోనో (చెంచుల చిన్న గూడెం) ఒక ఇంటి ముందు నిలబడ్డారు. గడప మీద రెండేళ్ల పిల్ల కూర్చుని ఉంది. కాళ్లు కట్టెపుల్లలు. పిలిస్తే చూడదు, ఏడవను కూడా ఏడవదు. "గాలి సోకింది బిడ్డా, పండ్లొస్తున్నయ్ గదా, అందుకే బక్కగైంది" అంటుంది అవ్వ. అక్కడి నుంచి ఏం చేయాలో వరసగా చెబుతాను.

ముందే ఒక సంగతి. ఇంట్లో గింజ లేక ఎండిపోయిన పిల్లలను నేను చూశాను. తిండి ఉండి కూడా పెట్టే మనిషి లేక ఎండిపోయిన వాళ్లను అంతకంటే ఎక్కువ చూశాను. రేషన్ బియ్యం ఉంటాయి, మూలకు పల్లీల సంచి ఉంటుంది, అంగన్‌వాడీలో ఇచ్చిన బాలామృతం పిండి ప్యాకెట్ అటక మీద ఉంటుంది. తల్లి మాత్రం పొద్దు పొడవకముందే పత్తి ఏరడానికి పోయి, దీపాలు పెట్టే వేళకు వస్తుంది. పిల్ల కడుపు పెద్దవాళ్ల కడుపులా రెండు పూటలతో నడవదు. కాబట్టి మీరు కొలవాల్సింది చేతి చుట్టుకొలత ఒక్కటే కాదు, ఆ పిల్ల రోజుకు ఎన్నిసార్లు తింటోందో కూడా.

మొదట పాదాలు చూడండి

అందరూ చెయ్యి కొలిచే టేపు తీస్తారు. మీరు ముందు పిల్ల పాదాలు పట్టుకోండి. రెండు పాదాల మీదా బొటనవేలితో నొక్కి, "ఒకటి, రెండు, మూడు" అని మనసులో లెక్కపెట్టి తీయండి. రెండు పాదాల్లోనూ గుంట పడి అలాగే ఉంటే అది నీరు. చెయ్యి ఎంత లావుగా ఉన్నా, బరువు ఎంత చూపినా ఆ పిల్లది తీవ్ర పోషకాహార లోపమే. అదే రోజు దవాఖానకు పంపాలి.

ఇది మొదట ఎందుకు చెబుతున్నానంటే, కొత్తలో నేనే మోసపోయాను. కోస్గి దగ్గరి ఒక తండాలో బుగ్గలు నిండుగా ఉన్న పిల్లవాడిని చూసి "వీడు బాగానే ఉన్నాడు" అని పక్కింటికి పోయాను. వెంట్రుకలు ఎర్రబారాయి, తొడల మీద చర్మం పొరలు లేస్తోంది, ముట్టుకుంటే చిరాకు పడుతున్నాడు. ఇవన్నీ నా కంటికి ఆనాయి, బుర్రకు ఎక్కలేదు. వారం తర్వాత నాతో వచ్చిన ఏఎన్ఎం (ఊరి నర్సు) అక్క పాదం నొక్కి చూపించింది. వాడి బుగ్గల్లో ఉన్నది నీరు.

ఈ ఉబ్బు రోగాన్ని క్వాషియోర్కర్ అంటారు. ఎండిపోవడాన్ని మరాస్మస్ అంటారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థను నడిపిన డాక్టర్ సి. గోపాలన్ 1968లో రాసిన దాని ప్రకారం, ఈ రెండు రకాల పిల్లల తిండిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఒకే కుండలో కూడు తిన్న అన్న ఎండిపోవచ్చు, చెల్లె ఉబ్బవచ్చు. కాబట్టి "పెద్దోడు బక్కగుండు, చిన్నది బొద్దుగనే ఉంది" అని తల్లి అంటే ఇద్దరి పాదాలూ నొక్కండి.

తర్వాత చెయ్యి

ఆరు నెలలు నిండి అయిదేళ్లు నిండని పిల్లలకే ఈ టేపు. ఎడమ చేయి తీసుకోండి. మోచేయి మడిచి, భుజం కొసకు, మోచేతి కొసకు సరిగ్గా నడుమ పెన్నుతో చుక్క పెట్టండి. ఇప్పుడు చెయ్యి కిందికి వేలాడనిచ్చి, చుక్క మీదుగా టేపు చుట్టండి. చర్మం నొక్కుకుపోకూడదు, సందు కూడా ఉండకూడదు. కిటికీలో కనపడే అంకె చదవండి.

11.5 సెంటీమీటర్లకు తక్కువైతే ఎరుపు: ఇది తీవ్ర పోషకాహార లోపం, దీన్నే మన వాళ్లు సామ్ అంటారు. 11.5 నుంచి 12.5 లోపు పసుపు: ఒక మోస్తరు లోపం, మామ్. 12.5, ఆ పైన పచ్చ. చుక్క పెట్టకుండా కంటి అంచనాతో చుట్టే వాళ్లను చాలామందిని చూశాను. చుక్క అటూ ఇటూ జరిగితే ఎర్ర పిల్ల కాస్తా పసుపు పిల్ల అయి కూర్చుంటుంది.

బరువు తూచేటప్పుడు బట్టలు తీసేయండి. మొలతాడుకు కట్టిన తాయెత్తులు మాత్రం తీయమని అడగకండి. వాటి బరువు ఏమంత ఉండదు, తీయిస్తే మీ మాట వినే మనిషి ఆ ఇంట్లో మిగలదు.

ఆరు నెలల లోపు బిడ్డ బక్కగా ఉంటే టేపుతో పని లేదు. పాలు సరిగా పట్టుకుంటోందా, బరువు పెరుగుతోందా చూసి నేరుగా డాక్టర్‌కు చూపించాలి. అప్పుడే మేకపాలో, టీలో ముంచిన బిస్కెట్టో మొదలుపెట్టి ఉంటారు, అడిగి తెలుసుకోండి.

ఎవరు ఇంట్లో ఉండొచ్చు, ఎవరు ఉండకూడదు

పసుపు పిల్లకు వేరే రోగం ఏదీ లేకపోతే ఇంట్లోనే నయమవుతుంది. ఎరుపు పిల్లను ఏఎన్ఎంకు, మెడికల్ ఆఫీసర్‌కు చూపించే తీరాలి. వాళ్లు ఆకలి పరీక్ష చేస్తారు: గోల లేని చోట, తల్లి ఒడిలోనే కూర్చోబెట్టి, బలవంతం చేయకుండా తిండి ఇచ్చి చూడటం. ఆవురావురుమని తింటే కొంత ధైర్యం. మూతి తిప్పుకుంటే లోపల ఏదో జబ్బు ఉందన్నమాట. ఎండిన పిల్లకు ఆకలి చచ్చిపోవడం కంటే చెడ్డ గుర్తు నాకు తెలియదు.

పాదాల్లో నీరు, ఆకలి లేకపోవడం, తాగింది తాగినట్టు కక్కడం, మూర్ఛ, మగతగా పడి ఉండటం, విరేచనంలో రక్తం, జ్వరం, ఒళ్లు చల్లబడటం, డొక్కలెగరేయడం. ఎరుపు పిల్లలో వీటిలో ఒక్కటి ఉన్నా, ఏ రంగు పిల్లకైనా పాదాల్లో నీరు ఉన్నా, ఎన్ఆర్‌సీ (పోషకాహార పునరావాస కేంద్రం) ఉన్న ఆసుపత్రికి పంపాలి. ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి: రెండు నెలలు నిండి ఏడాది లోపు బిడ్డకు నిమిషానికి 50, ఏడాది దాటితే 40. అంతకు చేరినా, దాటినా న్యుమోనియా అనుమానించాలి. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడో, నెమ్మదిగా ఉన్నప్పుడో నిండు నిమిషం లెక్కించండి.

108కి ఫోన్ చేసి బండి వచ్చే లోపు మీ చేతిలో రెండు పనులున్నాయి. పెంటల్లో సిగ్నల్ దొరకదు, బండి కచ్చా రోడ్డు చివరనే ఆగుతుంది, కాబట్టి ఆ "లోపు" గంటలు కావచ్చు. మొదటి పని వెచ్చదనం. బిడ్డను తల్లి ఎద మీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టి, తలతో సహా చీరతోనో దుప్పటితోనో చుట్టండి. రెండోది చక్కెర నీళ్లు. ఒక చెంచాడు చక్కెర కాస్త గుబురుగా తీసి, సుమారు 50 మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, మెలకువగా ఉన్న బిడ్డకు చెంచాతో కొంచెం కొంచెం పట్టండి. తల్లిపాలు తాగే బిడ్డయితే పాలు ఆపొద్దు. ఇలాంటి పిల్లలకు రాత్రిపూట చక్కెర పడిపోయి, ఒళ్లు చల్లబడి, చప్పుడు లేకుండా ప్రాణం పోతుంది.

చేయనివ్వకూడనిది కూడా ఒకటి ఉంది. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి తీసుకుపోయి "నీరసంగుంది, ఒక బాటిల్ ఎక్కించు" అంటారు. ఎండిన పిల్ల గుండె బలహీనంగా ఉంటుంది. సెలైన్ గబగబా ఎక్కితే ఆ నీటిని తట్టుకోలేదు. విరేచనాలు పెట్టిన ఎరుపు పిల్లకు మామూలు ఓఆర్ఎస్ కూడా గ్లాసులకు గ్లాసులు తాగించకూడదు, దారిలో చెంచాలతోనే. పాదాల నీరు దిగాలని మూత్రం వచ్చే మందులు అసలే వద్దు. కడుపు మీద వాతలు పెట్టే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అవ్వతో వాదన పెట్టుకోకుండా, "వాత మానేలోపు బిడ్డకు చీము పడితే బండిలో తీసుకపోవాలె అవ్వా, దవాఖాన నుంచి వచ్చినంక చూద్దాం" అని కాలం గడపండి.

"పదునాలుగు రోజులా? మేకలెవరు కాస్తరు?"

ఎన్ఆర్‌సీలో సుమారు రెండు వారాలు ఉండాలి. అక్కడ మొదట ఎఫ్-75 అనే పాలు రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా, కొంచెం కొంచెం పడతారు. 100 మిల్లీలీటర్లకు 75 కేలరీలే. చూసేవాళ్లకు "ఇంతేనా పెట్టేది" అనిపిస్తుంది. ఎండిన ఒంటికి ఒక్కసారిగా దండిగా పెడితే అదే ప్రమాదం. ఆకలి తిరిగి వచ్చాక ఎఫ్-100కి మారుస్తారు, అప్పటి నుంచి ఒళ్లు పట్టడం మొదలవుతుంది. ఈ ముక్క తల్లికి ముందే చెప్పకపోతే మూడో రోజు "పాలు తప్ప అన్నం పెడ్తలేరు" అని బిడ్డను ఎత్తుకుని ఇంటికి వచ్చేస్తుంది.

రానని మొండికేసే తల్లిని తిట్టకండి. ఆమె లెక్క ఆమెకుంది. మిగతా పిల్లలు, మేకలు, కూలి, మొగునికి వంట. మీరు కూర్చుని ఒక్కొక్కటీ విప్పండి. పెద్ద పిల్ల మధ్యాహ్నం అంగన్‌వాడీలో తింటుంది. మేకలను మరిదికి అప్పజెప్పాలి. తల్లికి అక్కడ భోజనం ఉంటుంది, ఉన్న రోజులకు కూలి నష్టం కింద కొంత డబ్బు కూడా ఇస్తారు. ఎంతో అక్కడి సిబ్బందిని అడిగి ఖాయంగా చెప్పండి, ఊహించి ఎక్కువ చెప్పొద్దు. అసలు నిర్ణయం తల్లిది కాదు, అత్తది. తండాలో అయితే ఆ అత్తను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఆమె "పో" అంటే కోడలు ఆ గంటలోనే మూట కడుతుంది.

ఇంట్లో తినిపించడం

పసుపు పిల్లకు, ఎన్ఆర్‌సీ నుంచి తిరిగొచ్చిన పిల్లకు, డాక్టర్ ఇంట్లోనే చూసుకోమన్న ఎరుపు పిల్లకు ఇదే మందు.

పిల్ల కడుపు ఎంత పడుతుందో తెలుసుకోండి. కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు. ఏడు కిలోల పిల్లకు ఒక పూటకు చిన్న టీ గ్లాసున్నర, అంతే. ఆ గ్లాసున్నరలో మనం పోసేది పల్చటి జావ. నీళ్లతో కడుపు నిండుతుంది, పిల్ల పడుకుంటుంది, ఒంటికి మాత్రం ఏమీ అందదు. తేరుకునే పిల్లకు కిలోకు 150 కేలరీలైనా కావాలి, అంటే ఏడు కిలోల పిల్లకు రోజుకు వెయ్యి పైచిలుకు. గ్లాసున్నర చొప్పున పల్చటి జావతో ఆ లెక్క తెల్లార్లూ పోసినా కుదరదు. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. ప్రతి పూటా ఒక చెంచాడు నూనె కలపాలి. చెంచాడు నూనెకు 45 కేలరీలు, కడుపులో చోటు మాత్రం ఏమంత తీసుకోదు. "నూనె పడితే దగ్గొస్తది" అంటారు. రాదు. పల్లినూనె మన పాలమూరు సొంత సరుకు, మొహమాటం లేకుండా పోయండి.

బాలామృతం రోజుకు 100 గ్రాములు, నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్. ఆ ప్యాకెట్ ఇంట్లో ఎందరికి పంచుతున్నారో చూడండి. చాలా ఇళ్లలో పెద్ద పిల్లలు లడ్డూలు కట్టుకుని తినేస్తారు, వారానికే ఖాళీ. పిల్లలు తినడం తప్పేమీ కాదు, కాకపోతే మీ లెక్క తప్పుతుంది. బాలామృతం ప్లస్ అందే చోట సామ్, మామ్ పిల్లలకు దాన్ని విడిగా ఇప్పించండి. గుడ్లు ఇంటికి ఇచ్చే చోట ఇంకో చిక్కు, అవి కూరలోకి పోతాయి. అంగన్‌వాడీలో ఉడికించి అక్కడే మీ ముందు తినిపించేలా ఆయమ్మతో మాట్లాడుకోండి.

ప్యాకెట్ అయిపోతే? జాతీయ పోషకాహార సంస్థ వాళ్లది హైదరాబాద్ మిక్స్ అని పాత లెక్క ఒకటుంది: గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాములకు 330 కేలరీలు, 11 గ్రాముల పైన మాంసకృత్తులు. మన దగ్గర గోధుమకు బదులు జొన్నలో, సజ్జలో వేసుకోవచ్చు. తూకం వంతుల్లో చెప్పాలంటే నాలుగు వంతులు ధాన్యం, వంతున్నర పప్పు, ఒక వంతు పల్లీలు, రెండు వంతులు బెల్లం. అన్నీ విడివిడిగా వేయించి, దంచి, జల్లెడ పట్టి, మూత గట్టిగా ఉండే డబ్బాలో పోయండి. బూజు పట్టిన పల్లీలు ఒక్కటి కూడా వేయొద్దు. వాటిలో ఉండే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని చెడగొడుతుంది, అసలే చిక్కిన పిల్లను ఇంకా చిక్కిస్తుంది.

ఈ పిండి రెండు పిడికిళ్లు, కాస్త పాలో వేడి నీళ్లో, నూనె చెంచాడు. తండాల్లో, పల్లెల్లో సద్దుల బతుకమ్మకు మలీద ముద్దలు చేసుకోవడం అందరికీ తెలుసు. రొట్టెలు నలిపి, బెల్లం, నువ్వులో పల్లీలో కలిపేది. "ఏడాదికొక్కసారి చేసేది ఈ బిడ్డకు దినాం చేయి" అంటే తల్లికి ఇట్టే అర్థమవుతుంది. ఏ పోస్టరూ ఇంత బాగా చెప్పలేదు. అయిదేళ్ల లోపు వాళ్లకు పల్లీలు గింజలుగా పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి. పొడి చేసే పెట్టాలి.

చిక్కటి జావ పిల్ల మింగలేకపోతే నీళ్లు పోయకుండా పల్చన చేసే కిటుకు ఒకటుంది. తైదలు (రాగులు) ఒక రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూట కట్టి, ఒకటి రెండు రోజులు మొలకలు రానివ్వండి. ఎండబెట్టి, మొలకలు రాల్చి, సన్నటి సెగ మీద కొద్దిగా వేయించి పిండి పట్టించండి. చిక్కగా ఉడికిన జావలో, దించాక గోరువెచ్చగా ఉన్నప్పుడు ఈ మొలకల పిండి ఒక చెంచాడు కలిపితే నాలుగైదు నిమిషాల్లో అదే జారుగా అవుతుంది. మొలకల్లో పుట్టే అమైలేజ్ గంజిని విరగ్గొడుతుంది. కలిపాక ఒక్క ఉడుకు రానిచ్చి చల్లార్చి పెట్టండి. సత్తువ తగ్గదు, నీళ్లు పెరగవు. మొదటిసారి తల్లులు చూసి "ఏం మంత్రమేసినవ్?" అన్నారు.

ఇక కూరలు. గంగవాయిలి, పొన్నగంటి, తోటకూర, మునగాకు చేనుగట్ల మీద దొరికేవే. పప్పులో మెత్తగా ఉడికించి ఒక చెంచాడు చాలు. ఆకుకూరలతో ఒళ్లు రాదు, ఒళ్లు వచ్చేది గింజలు, పప్పు, గుడ్డు, నూనెతోనే. ఈ మాట అంటే కొందరు శిక్షకులు నా మీద కోప్పడతారు.

పూటలు ఎలా కుదర్చాలి

రోజుకు ఆరుసార్లు అని చెప్పి వచ్చేయకండి. ఆరుసార్లు ఎవరు? తల్లి పొద్దున్నే పోయేముందు ఒకసారి, వచ్చాక రెండుసార్లు, అంటే మూడు. మిగతా మూడింటిలో ఒకటి అంగన్‌వాడీలో. ఇంకా రెండు మిగిలాయి: అవ్వనో, పదేళ్ల అక్కనో, పక్కింటి చిన్నమ్మనో పేరు పెట్టి అడగాలి. గోడ మీద బొగ్గుతో ఆరు గీతలు గీసి, పెట్టినప్పుడల్లా ఒక గీత తుడిపేయమనండి. రాయడం రాని అవ్వలు ఈ గీతల పనిని అందరికంటే నిష్ఠగా చేస్తారు.

పిల్లకు వేరే గిన్నె కావాలి. అందరితో కలిసి ఒకే పళ్లెంలో తింటే ఎంత తిన్నదీ ఎవరికీ తెలియదు, చురుకైన అన్న ముందు చిక్కిన చెల్లె చెయ్యి ఎప్పుడూ వెనకే. తల్లిపాలు తాగుతుంటే రెండేళ్లు దాటేదాకా సాగనివ్వండి. టీ మాత్రం మానిపించండి, అది ఆకలిని చంపుతుంది, తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

మందుల సంగతి

ఎరుపు పిల్లకు ఐరన్ సిరప్ మొదట్లోనే మొదలుపెట్టొద్దు. బరువు పెరగడం మొదలయ్యాక డాక్టర్ చెప్పినప్పుడే. నులిపురుగులకు ఆల్బెండజోల్ ఏడాది నుంచి రెండేళ్ల లోపు వాళ్లకు సగం, ఆ పైన ఒకటి. విటమిన్ ఏ చుక్కలు తొమ్మిది నెలలకు మొదలై, అయిదేళ్ల దాకా ఆరు నెలలకోసారి పడుతున్నాయో లేదో కార్డులో చూడండి. విరేచనాలైతే పసుపు పిల్లకు ఓఆర్ఎస్‌తో పాటు ఆరు నెలలు దాటిన వాళ్లకు జింక్ 20 మిల్లీగ్రాములు 14 రోజులు. మూడో రోజుకే విరేచనాలు కట్టుకుంటాయి, గోలీలు ఆపేస్తారు. ఆపనివ్వకండి.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు పనిచేసేవాళ్లకు ఒక అదనపు మాట. కాళ్లు వంకర పోతున్న పిల్లను ఉత్త బక్కతనం అనుకోకండి, ఫ్లోరైడ్ నీళ్లు ఏమైనా తాగుతోందా అడగండి. తిండిలో సున్నం (కాల్షియం) తక్కువైన పిల్లకు ఆ నీళ్లు ఇంకా చెరుపు చేస్తాయి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు రాని రోజు బోరు నీళ్లు కాచి తాగిస్తారు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

వలస పోయే ముందు

మొదటి నెల వారానికోసారి తూచండి. ఏడు కిలోల పిల్ల వారానికి 200 గ్రాములు పెరుగుతుంటే సరైన దారిలో ఉన్నట్టు. రెండు వారాలు కదలకపోతే గోడ మీద గీతలు చూడండి. గీతలు సరిగ్గా ఉండి కూడా పెరగకపోతే క్షయ ఉందేమో పరీక్ష చేయించండి. ఇంట్లో ఎవరైనా రెండు వారాలకు మించి దగ్గుతున్నారా అడగండి. ఈ ప్రశ్న మొదటి రోజే అడగాల్సింది, మనం ఎప్పుడూ మరిచిపోతాం.

దసరా దాటితే పాలమూరు ఇళ్లకు తాళాలు పడతాయి. పుణె, ముంబై, హైదరాబాద్ చుట్టూ ఇటుక బట్టీలు. సగం తేరుకున్న పిల్లను అక్కడికి ఎత్తుకుపోతే మీ మూడు నెలల పని పోయినట్టే. అందుకే మొదటి రోజే "ఎప్పుడు పోతరు, ఎవరెవరు పోతరు, మేస్త్రీ ఎవరు" అడిగి రాసుకోండి. పిల్లను అవ్వ దగ్గర వదిలిపోతే పూటల పని అవ్వ పేరు మీదికి మారుతుంది. వెంట తీసుకుపోతే రెండు కిలోల పిండి కట్టించి, కార్డు మీద చివరి కొలత, తేదీ, మీ ఫోన్ నంబరు రాసివ్వండి. అంగన్‌వాడీల పోషణ్ ట్రాకర్ యాప్‌లో వలస నమోదు చేస్తే అక్కడి అంగన్‌వాడీలోనూ తిండి ఇప్పించుకోవచ్చు. చేస్తున్నారో లేదో దగ్గర కూర్చుని చూడండి.

టేపు వరసగా రెండుసార్లు 12.5 దాటి, పాదాల్లో నీరు లేకుండా రెండు వారాలు గడిస్తే ఈ పిల్లను జాబితాలోంచి తీసేయొచ్చు. తీసేసే రోజు అదే ఇంట్లో తొట్టెలో ఉన్న చిన్నదాని పాదాలు కూడా ఒకసారి నొక్కి చూసి రండి.